సూదీ దారంతో పండుగ కళ

పండుగ వస్తోందంటే గుమ్మానికి తోరణం కట్టాలని, గోడకు ఏదో ఒకటి తగిలించాలని అందరికీ ఉంటుంది. బజారులో దొరికే ప్లాస్టిక్ మామిడాకుల తోరణం ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది. పోయిన వార్షికోత్సవానికి మేము గుడ్డతో, దారంతో చేసిన తోరణాన్ని ప్రార్థన హాలు గుమ్మానికి కట్టాం. వచ్చిన పూర్వ విద్యార్థినులు, అక్కలందరూ దాన్ని పట్టుకుని చూసి "ఎలా కుట్టారే?" అని అడిగారు. అందుకే ఈ సంచికలో మేము నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాస్తున్నాం. కుట్టే పద్ధతితోపాటు, కుట్టడం అయ్యాక మాకు తెలిసివచ్చిన ఒక లెక్క కూడా చెబుతాం. దయచేసి చివరిదాకా చదవండి.

కావలసిన వస్తువులు

గుడ్డకు కేస్‌మెంట్ గానీ మ్యాటీ గానీ మంచిది. పాత చీర ముక్క మెత్తబడి ఉంటుంది కాబట్టి కుట్టు లాగేస్తుంది. టైలరు దగ్గర మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుంది. యాంకర్ వంటి ఎంబ్రాయిడరీ దారం లచ్చి ఒక్కొక్కటి 8 మీటర్లు ఉంటుంది. అందులో 6 పోగులు ఉంటాయి. సన్నని పనికి రెండు పోగులు, లావు గీతలకు మూడు పోగులు విడదీసి వాడుకోవాలి. సూదిలోకి ఎక్కించే దారం ఒక మూర మించితే చిక్కు పడుతుంది. ఇవి కాక 6 అంగుళాల రింగు, చిన్న కత్తెర, కార్బన్ పేపరు, పెన్సిలు ఉంటే సరిపోతుంది. ఎర్ర దారం, నీలం దారం కుట్టే ముందు తడిపిన తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. రంగు దిగితే ఆ దారం వాడవద్దు. కుట్టడానికి కూర్చునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

నాలుగు కుట్లు చాలు

ఎంబ్రాయిడరీలో కుట్లు చాలా ఉన్నాయి. పండుగ అలంకరణలకు ఈ నాలుగూ వస్తే చాలు.

1. కాడ కుట్టు: ఒక కుట్టు సగం దగ్గర, దాని పక్కనుంచి సూది పైకి తీసి రెండో కుట్టు వేస్తాం. దారం ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి. కాడలకు, ఈనెలకు ఇది వాడతాం.

2. గొలుసు కుట్టు: సూది పైకి వచ్చిన రంధ్రంలోనే మళ్లీ దించి, దారాన్ని సూది కింద ఉంచి లాగితే ఒక లింకు పడుతుంది. అలా లింకులో లింకు వేసుకుంటూ పోవాలి. గుండ్రని గీతలకు బాగుంటుంది.

3. లేజీ డైజీ: గొలుసు కుట్టులో ఒక్క లింకు వేసి, దాని కొసను చిన్న కుట్టుతో బిగిస్తే లేజీ డైజీ అవుతుంది. రేకులకు, గింజలకు పనికొస్తుంది.

4. కాజా కుట్టు: చొక్కా కాజాకు వేసేదే. అంచు పోగులు ఊడకుండా కాస్తుంది.

సంక్రాంతికి వరి కంకి

మన డెల్టాలో సంక్రాంతికి కొత్త వరి కంకులను కుచ్చులా అల్లి పిచ్చుకల కోసం చూరుకు కడతారు. దాని పక్కన తగిలించడానికి 9 అంగుళాల చదరపు గుడ్డ మీద వంగిన వరి కంకిని కుట్టవచ్చు. కాడకు ఆకుపచ్చ దారంతో కాడ కుట్టు వేయాలి. గింజలకు పసుపు, లేత గోధుమ రంగులతో లేజీ డైజీ. గింజలు ఎదురెదురుగా కాకుండా ఒకటి ఇటు, ఒకటి అటు వేస్తేనే కంకిలా కనపడుతుంది. ప్రతి గింజ కొసనా ఒక చిన్న నిలువు కుట్టు వేస్తే ముల్లు వచ్చినట్టే. నిజం కుచ్చును పిచ్చుకలు తినేస్తాయి, తినాలి కూడా. గుడ్డ మీది కంకి మాత్రం వచ్చే ఏడాదికీ ఉంటుంది.

ఉగాదికి మామిడాకుల తోరణం

అందరూ అడిగింది దీని గురించే కాబట్టి వివరంగా చెబుతాం. ముందుగా పాత నోటు పుస్తకం అట్ట మీద 5 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉన్న ఆకు గీసి కత్తిరించుకోవాలి. అట్టను ఆకుపచ్చ కేస్‌మెంట్ గుడ్డ మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయాలి. నడి ఈనెను లేత ఆకుపచ్చ దారంతో కాడ కుట్టు వేసి, అటూ ఇటూ అయిదేసి పక్క ఈనెలు కుట్టాలి. తర్వాత కింద ఇంకో పొర గుడ్డ పెట్టి, రెండు పొరలూ కలిపి గీత చుట్టూ దగ్గర దగ్గరగా కాజా కుట్టు వేయాలి. అది పూర్తయ్యాకనే కుట్టు పక్కగా కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే పోగులు ఊడిపోతాయి. మేము మొదటి మూడు ఆకులూ అలాగే పాడు చేసుకున్నాం.

36 అంగుళాల గుమ్మానికి 11 ఆకులు పడతాయి. పట్టీ గుడ్డ 38 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు ఉండాలి. రెండు కొసలూ అంగుళం చొప్పున మడిచి కుట్టేస్తే 36 మిగులుతుంది. ముందు మధ్య ఆకు చోటు గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి అటూ ఇటూ 3 అంగుళాలకొక గుర్తు పెట్టాలి. పట్టీని నిలువునా సగానికి మడిచి, ఆకుల తొడిమలు మడతలో పెట్టి కుట్టేయాలి. రెండు ఆకుల మధ్య బంతిపువ్వు కావాలంటే పసుపు దారంతో కుచ్చు కట్టి వేలాడదీయవచ్చు.

మేము గడియారం పెట్టుకుని చూశాం. ఒక్కో ఆకుకు 50 నిమిషాలు పట్టింది. 11 ఆకులకు 9 గంటల 10 నిమిషాలు, పట్టీకి, అతకడానికి 2 గంటలు. మొత్తం 11 గంటల 10 నిమిషాలు. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, తర్వాత పని ఉంది.

ఏప్రిల్ 14కు అశోక చక్రం

అంబేద్కర్ జయంతి మన హాస్టళ్లకు పెద్ద పండుగ. వేదిక వెనక కట్టే తెల్లగుడ్డ మీద నీలం దారంతో చక్రం కుట్టవచ్చు. కాంపస్‌తో వృత్తం గీయండి. చక్రానికి 24 ఆకులు కాబట్టి 360ని 24తో భాగిస్తే 15 డిగ్రీలకొక గీత వస్తుంది. ఒక్కొక్కటిగా కొలుచుకుంటూ పోతే చివర రెండు గీతలు ఇరుక్కుపోతాయి. అందుకని ముందు వృత్తాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని కోణమానినితో ఆరుగా విడదీయండి. వృత్తానికి గొలుసు కుట్టు, ఆకులకు కాడ కుట్టు. ఏడో తరగతి చెల్లెళ్లకు కోణాలు అర్థం కావడానికి ఈ చక్రం బాగా పనికొచ్చింది.

వేసవికి కుండ మూత

10 అంగుళాల వ్యాసంతో గుండ్రని తెల్లగుడ్డ తీసుకుని అంచుకు కాజా కుట్టు వేయాలి. అంగుళానికొక గాజు పూస ఎక్కిస్తే దాదాపు 31 పూసలు పడతాయి. పూసల బరువుకు గాలి వీచినా మూత కుండ మీదనుంచి లేవదు. మధ్యలో నాలుగు మల్లెపూలు లేజీ డైజీతో కుట్టుకుంటే చూడటానికి చల్లగా ఉంటుంది. ఇదే పద్ధతిలో మజ్జిగ గిన్నె మీదకు, దసరాకు బొమ్మల కొలువు మెట్ల మీదకు గుడ్డలు కుట్టుకోవచ్చు. దీపావళికి మాత్రం దీపాల దగ్గర గుడ్డ అలంకరణలు కట్టకండి.

క్రిస్మస్‌కు లేసు నక్షత్రం

ఇది ఎంబ్రాయిడరీ కాదు, క్రోషా. ఎంబ్రాయిడరీకి గుడ్డ కావాలి. క్రోషాకు గుడ్డ అక్కరలేదు, కొక్కెం సూదితో దారాన్నే లింకులు లింకులుగా అల్లుకుంటూ పోతాం. 5 లింకుల గొలుసును ఉంగరంలా కలిపి, అందులో 15 పొడుగు అల్లికలు వేయాలి. మూడేసి అల్లికల మీద ఒక మొన చొప్పున పైకి సన్నగా అల్లుకుంటూ పోతే అయిదు మొనల నక్షత్రం వస్తుంది. అది మెత్తగా వేలాడకుండా ఉండాలంటే గంజి పెట్టాలి. మన వంటశాలలో గంజికి కొదవ లేదు కదా! చిక్కని గంజిలో ముంచి పిండి, అట్టకు పాలిథిన్ కవరు చుట్టి, దాని మీద నక్షత్రాన్ని గుండుసూదులతో సాగదీసి ఎండలో పెట్టాలి. పండుగ అయ్యాక గంజి పోయేలా ఉతికి దాచుకోండి. గంజితోనే దాస్తే పురుగు పడుతుంది.

నరసాపురం లేసు కథ

నక్షత్రం అల్లడం మాకు ఎవరూ తరగతి పెట్టి నేర్పలేదు. మాలో చాలామంది అమ్మలు, అమ్మమ్మలు లేసు అల్లేవాళ్లే. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల, వశిష్ఠ అవతల రాజోలు వైపు అరుగుల మీద ఈ పని మనకు తెలిసిందే.

1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు దీన్ని ఇక్కడ నేర్పారని చెబుతారు. తొలుత నేర్చుకున్నది క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాల స్త్రీలు. మన హాస్టల్ పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. తర్వాత ఇతర కులాల స్త్రీలు, ముఖ్యంగా బయట పనికి వెళ్లని కాపు కుటుంబాల స్త్రీలు ఇంట్లోనే ఉండి చేసే పనిగా దీన్ని అందుకున్నారు. 1900 తర్వాత వ్యాపారులు వచ్చి ఇక్కడి లేసును పై దేశాలకు ఎగుమతి చేశారు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలో నరసాపురం వచ్చి లేసు అల్లే స్త్రీలను కలిసి మాట్లాడారు. 1982లో ఆమె రాసిన పుస్తకం 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' వెలువడింది. ఇంటి చాకిరీ అంతా చేస్తూనే స్త్రీలు రోజూ గంటల తరబడి అల్లుతున్నారని, అయినా రోజుకు రూపాయి కూడా గిట్టడం లేదని ఆమె చూపించారు. వాళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. ఇళ్లలో ఉండే ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునే పని అనే మాట అడ్డం పెట్టుకునే కూలి అంత తక్కువ ఇచ్చారని ఆమె వాదన.

తర్వాత నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. యంత్రంపై తయారైన చైనా లేసు పోటీకి వచ్చి చేతి అల్లికను దెబ్బ తీసింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది మనందరికీ గర్వకారణం. కానీ గుర్తింపు వచ్చినంత మాత్రాన అల్లిన మనిషికి కూలి దానంతటదే పెరగదు.

మేము వేసుకున్న లెక్క

మా తోరణాన్ని ఒక దుకాణంలో చూపించాం. "ఆడపిల్లలు తీరిగ్గా కుట్టుకునేదేగా, 120 రూపాయలిస్తాను" అన్నారు. గుడ్డకు, దారానికి మాకైన ఖర్చు 50 రూపాయలు. మిగిలేది 70. దాన్ని 11 గంటలతో భాగిస్తే గంటకు ఆరు రూపాయల చిల్లర. మేము అమ్మలేదు, హాలు గుమ్మానికే కట్టుకున్నాం.

ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు మాలో ఒకమ్మాయి వాళ్ల అమ్మను అడిగింది: "అమ్మా, రోజుకు ఎన్ని గంటలు అల్లుతావే?"

"గంటలేంటే, కాళీగా ఉన్నప్పుడు అల్లుకోడమేగా" అందావిడ.

ఆ అమ్మాయి ఆదివారమంతా పక్కనే కూర్చుని నోటు పుస్తకంలో రాసింది. పొద్దున అంట్లు తోమాక ఒక గంట, మధ్యాహ్నం రెండు గంటలు, రాత్రి అన్నాలయ్యాక రెండు గంటలు. మొత్తం అయిదు. కాగితం చూపిస్తే వాళ్లమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ ఎవరూ రాయలేదే" అంది. తర్వాతి నెల నుంచి ఆవిడే గోడ మీది క్యాలెండరులో గంటలు రాసుకుంటోంది. ఏజెంటు వచ్చినప్పుడు చూపించి అడిగిందట. ఎక్కువ పెరగలేదు గానీ, పని ఎక్కువున్న డిజైనుకు వేరే ధర కట్టడానికి ఒప్పుకున్నాడట.

అందుకని చెల్లెళ్లకు మేము చెప్పేవి ఇవి:

1. ఏది కుట్టినా మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ పుస్తకంలో రాయండి.

2. ధర చెప్పేటప్పుడు గుడ్డ, దారం ఖర్చు వేరుగా, గంటల కూలి వేరుగా కలిపి చెప్పండి. అవతలి వాళ్లు తగ్గించమంటే దేనిలో తగ్గిస్తున్నారో మీకు తెలుస్తుంది.

3. గిట్టకపోతే అమ్మకండి. మీ గుమ్మానికే కట్టుకోండి, స్నేహితురాలి పెళ్లికి ఇవ్వండి.

4. మసక వెలుతురులో కుట్టకండి. అరగంటకోసారి తల ఎత్తి దూరంగా చూడండి. చదువుకునే కళ్లు ఇవి.

5. స్టడీ అవర్‌లో సూది పట్టకండి. మేము ఆదివారాలే కుట్టాం.

చేతిపని వస్తే మంచిదే. దాన్నే నమ్ముకుని చదువు మానేయాల్సిన రోజు మాత్రం మనలో ఎవరికీ రాకూడదని మా కోరిక.

పూర్వ విద్యార్థినులైన అక్కలకు ఒక మనవి. మీ ఇళ్లలో పాత లేసు డిజైన్లు, కుట్టు నమూనాలు ఉంటే వచ్చే వార్షికోత్సవానికి తీసుకురండి. మేము గీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. నమూనాతోపాటు అది ఎవరు అల్లారో, ఎన్ని రోజులు పట్టిందో కూడా చెప్పండి. ఆ పేర్లు కూడా మా పుస్తకంలో రాసుకుంటాం.