నడిమి వేగంలో తడబాటు

రాజధాని నుంచి వారం వారం రాసే ఈ లేఖలో ప్రభుత్వాల తడబాట్లను గురించి ముచ్చటించడం ఆనవాయితీ. ఈసారి ఒక కారు తడబాటును గురించి రాస్తున్నాను. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదో లేదో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

కేంద్ర సర్వీసులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక తెలుగు మిత్రుని వద్ద 1964 నాటి అంబాసిడర్ కారున్నది. ఒకప్పుడు ఢిల్లీలో అధికారమంటే తెల్ల అంబాసిడరే. ఉత్తరపరా కర్మాగారంలో దాని ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. మిత్రుని కారు మాత్రం నిన్నమొన్నటి వరకు నిక్షేపంగా నడిచింది. ఇప్పుడొక వింత జబ్బు పట్టుకున్నది. నిలిపి ఉంచినప్పుడు ఇంజను సాఫీగానే తిరుగుతుంది. వేగంగా పోనిస్తే మారుమాట లేకుండా పరుగెత్తుతుంది. గంటకు 40, 60 కిలోమీటర్ల నడుమ యాక్సిలరేటరును మెల్లగా నొక్కితే మాత్రం ఒకసారి దగ్గి, ఎక్కిళ్లు పెట్టి, ఆపైన అందుకుంటుంది.

"అంతా ఇథనాలు చలవేనండీ" అన్నాడు మిత్రుడు.

ఈ మాట ఢిల్లీలో చాలామంది నోట వినవస్తున్నదే. పెట్రోలులో ఇథనాలు 2014లో 1.5 శాతం ఉండేది. 2022 జూన్ నాటికి 10 శాతమై, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలు లేని పెట్రోలును కూడా అమ్మాలని కోరిన పిటిషనును 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. చమురు దిగుమతుల భారం తగ్గుతుందనీ, రైతుకు మేలనీ ప్రభుత్వ వాదన. ఆ వాదనలో పస లేదనలేము. కాని ఇథనాలు తనలోనే ప్రాణవాయువును ఇముడ్చుకున్న ఇంధనం. మామూలు పెట్రోలు ఒక పాలు మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం కలిపిన దానికి సుమారు 13.5 చాలు. కొత్త కార్లలో పొగను పసిగట్టే సాధనముండి, ఇంధనాన్ని దానంతటదే సవరించుకుంటుంది. కార్బురేటరుకు ఆ జ్ఞానం లేదు. 1964లో ఇచ్చిన కొలతనే అది నేటికీ పాటిస్తున్నది.

కాశ్మీరీ గేటు మోటారు విడిభాగాల బజారులో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని విని బయలుదేరాము. కేంద్రం 2021లో చేసిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి వింటేజి కింద నమోదైన వాహనం నిత్యావసరాలకు రోడ్డెక్కరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు పోవచ్చు. కారు జబ్బు పడినందువల్లనే మాకు ఢిల్లీ వీధులలో షికారు దొరికిందన్నమాట!

ఉస్తాద్ మా మాట పూర్తిగా వినలేదు. "ఇథనాలు సంగతి తర్వాత చూద్దాం సాబ్. కార్బురేటర్ జబ్బులు సగం డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉంటాయి" అని దాని మూత విప్పాడు. కార్బురేటరు నుంచి దానికి వచ్చే సన్నగొట్టాన్ని ఊడదీసి నోట పెట్టుకొని పీల్చాడు. లోపలి పళ్లెం కదలలేదు. అందులోని రబ్బరు పొర చిరిగిపోయింది. నడిమి వేగంలో నిప్పురవ్వను కాస్త ముందుగా రగిలించవలసినది ఆ పొరే. పైగా ఆ చిరుగులోనుంచే అదనపు గాలి ఇంజనులోకి పోతున్నది. రబ్బరు ఇథనాలువల్ల చెడిందా, వయసువల్ల చెడిందా అని మిత్రుడు ఆరా తీశాడు. "అక్కడికి పెట్రోలు రాదు, గాలే వస్తుంది" అన్నాడు ఉస్తాద్. మిత్రుని ముఖం చిన్నబోయింది.

ఆపైన కార్బురేటరు సంగతి. అది ఎస్.యు. రకానిది. ఇంజను పీల్చుకొనే గాలిని బట్టి అందులో ఒక పిస్టన్ పైకి లేస్తుంది. దాని అడుగున బిగించిన కొనదేరిన సూది జెట్‌లోనుంచి పైకి జరిగేకొద్దీ పెట్రోలు ఎక్కువగా వస్తుంది. నిలకడ వేగానికి సూది మొదలు, పూర్తి వేగానికి కొన, మధ్య వేగానికి నడిమి భాగం. పిస్టన్ ఉలిక్కిపడి లేవకుండా డాంపరులో కాస్త పలుచని నూనె ఉండాలి. ఉస్తాద్ మూత తిప్పి చూపించాడు. చుక్క నూనె లేదు! పిస్టన్ ఒక్కసారిగా లేచిపోతే గాలి ముందు వస్తుంది, పెట్రోలు వెనుకబడుతుంది. అదీ దగ్గుకు కారణం.

కొత్త పొర వేసి, నూనె పోసి, ఇంజను వేడెక్కాక పిస్టన్‌ను గోరంత ఎత్తి చెవి ఒగ్గి విన్నాడు. ఇంజను ఆగిపోబోయింది. గాలి ఎక్కువైందని అర్థం. ఒక క్షణం వేగం పెరిగి సర్దుకుంటే కొలత సరిపోయినట్లు. జెట్ కింది నట్టును ఒక్కొక్క ముఖం చొప్పున దించుతూ ఆ గుర్తు వచ్చేదాకా విన్నాడు. రోడ్డు మీదికి తీసుకువెళితే మూడు వంతుల తడబాటు పోయింది. మిగిలిన ఆ ఒక్క వంతు మాత్రం మిత్రుడు అన్నదే.

నట్టు దించితే అన్ని వేగాలలోనూ పెట్రోలు పెరుగుతుంది. నడుమ మాత్రమే పెంచాలంటే సూది మార్చాలి. ఈ కార్బురేటర్లనూ సూదులనూ ఇంగ్లండులోని సాలిస్‌బరీలో ఇప్పటికీ చేస్తున్నారు. తెప్పించుకోవడానికి రోజులు పడుతుంది. ఉస్తాద్ పద్ధతి వేరు. సూది నడిమి భాగాన్ని నున్నటి ఎమరీ కాగితంతో వెంట్రుకవాసి సన్నం చేస్తాడు. రుద్దడానికి ముందు తలెత్తి నన్ను చూశాడు.

"మీరు అఖ్‌బారువారు కదా. ఈ ఇరవై శాతం ఇక్కడ ఆగుతుందా, ఇంకా పెరుగుతుందా?"

ఇరవైకి పైన ఎంతవరకు పోవాలన్న చర్చ రాజధానిలో అప్పుడే సాగుతున్నది. ఏ కార్యాలయమూ కార్బురేటరు ఉన్న బండి యజమానిని, అందునా కాశ్మీరీ గేటు మెకానిక్‌ను, అడిగి నిర్ణయిస్తుందని నేననుకోను. తెలియదన్నాను.

"పెంచితే మళ్లీ రండి, ఇంకాస్త రుద్దుతాను. తగ్గిస్తే మాత్రం నా వల్ల కాదు. రుద్దింది మళ్లీ పెరగదు సాబ్" అని పని మొదలుపెట్టాడు.

తిరుగుదారిలో రింగ్ రోడ్డు మీద మిత్రుడు 40 నుంచి 60 దాకా రెండుసార్లు పోనిచ్చి చూశాడు. కారు దగ్గలేదు. ఇల్లు చేరగానే సాలిస్‌బరీకి రెండు సూదుల కోసం ఉత్తరం రాసుకున్నాడు.