పక్కింటి కిటికీ, కౌన్సిల్ ఉత్తరం

తలుపు సందులోంచి పడిన ఉత్తరాల్లో కౌన్సిల్ ముద్ర ఉన్న కవరు కనిపిస్తే మీరేం చేస్తారు? నేనైతే ఏళ్ళ తరబడి ఒకటే పని చేశాను. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లా కాదా అని చూడటం, కాకపోతే సొరుగులో పడేయడం. ఫలానా నంబరు ఇంటివాళ్ళు ప్లానింగ్ దరఖాస్తు పెట్టారు, మీరు చెప్పాల్సింది ఉంటే 21 రోజుల్లో చెప్పండి అంటూ వచ్చిన ఉత్తరాలు అలా ఎన్ని పోయాయో! వాళ్ళిల్లు వాళ్ళిష్టం, మనకెందుకులే అనుకునేదాన్ని. మేమే దరఖాస్తు పెట్టాల్సిన రోజు వచ్చాక గానీ ఆ 21 రోజుల విలువ తెలిసిరాలేదు.

మాది 1930ల్లో కట్టిన సెమీ. ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్ళలో చాలామందిదీ ఇలాంటిదే అయ్యుంటుంది. కింద రెండు గదులు, ఇరుకు వంటిల్లు, పైన మూడు బెడ్‌రూములు, ఉన్న ఒక్క బాత్రూమూ పైనే. అమ్మ తెనాలి నుంచి ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చినప్పుడల్లా మెట్లతోనే గొడవ. మోకాళ్ళు సహకరించవు. కింద ముందుగదిలో పక్క వేశాం కానీ రాత్రి లేస్తే పైకెక్కాల్సిందే. అందుకని సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు తాగడం మానేసింది. ఆ సంగతి నాకు నెల్లాళ్ళకి గానీ తెలియలేదు. తెలిసిన రోజు రాత్రి నేనూ మావారూ కూర్చుని, ఇక వెనకవైపు ఒక గదీ, బాత్రూమూ కట్టాల్సిందేనని నిర్ణయించుకున్నాం.

ఇక్కడో చిన్న లెక్క. సెమీకి గానీ టెర్రస్ ఇంటికి గానీ వెనకాల ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్ మామూలుగా 3 మీటర్ల దాకా, విడిగా ఉండే ఇంటికైతే 4 మీటర్ల దాకా, ప్లానింగ్ దరఖాస్తు లేకుండానే కట్టుకోవచ్చు. ఎత్తుకీ మిగతావాటికీ షరతులున్నాయనుకోండి. 6 మీటర్లు, 8 మీటర్ల దాకా వెళ్ళాలంటే ముందు కౌన్సిల్‌కి చెప్పాలి, వాళ్ళు పక్కవాళ్ళని అడుగుతారు. మేం గీయించింది నాలుగున్నర మీటర్లు, పైగా పక్కకి కూడా తిప్పి ఎల్ ఆకారంలో. కాబట్టి పూర్తి దరఖాస్తు పెట్టక తప్పలేదు. 258 పౌండ్లుండే ఫీజు 2025 ఏప్రిల్‌లో 528 అయింది. మేం పెట్టింది ఆ తర్వాతే, అదీ మా అదృష్టం!

ఇంత చేసి, గోడ పంచుకునే పక్కింటి పెద్దావిడకి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. దాచాలని కాదు. మన ఊళ్ళో ప్లాన్ పాస్ చేయించుకోవాలంటే మున్సిపాలిటీకి వెళ్తాం, పక్కింటివాళ్ళని ఎవరడుగుతారు? ప్రహరీ గోడ దగ్గర తగాదా వస్తే అప్పుడు చూసుకుంటాం. అదే అలవాటు ఇక్కడికీ వచ్చింది. ఆవిడకి మా గది సంగతి కౌన్సిల్ ఉత్తరం వల్ల తెలిసింది.

ఆవిడ ఒక్క పేజీ రాసింది. ఎనిమిది వారాల లోపే మా దరఖాస్తు తిరస్కరించారు.

ఒక్క ముసలావిడ రాస్తే ఆపేస్తారా అని ఆ రోజంతా ఉడికిపోయాను. రెండు రోజులయ్యాక, ఆ అధికారి రాసిన రిపోర్టు కౌన్సిల్ సైటులో ఉంటుందని ఒక స్నేహితురాలు చెబితే తీసి చదివాను. ఆవిడ కాదంది కాబట్టి ఆపలేదండీ. ఆవిడ వంటింటి కిటికీ మధ్యనుంచి 45 డిగ్రీల కోణంలో ఒక గీత గీస్తే మా గోడ ఆ గీతని దాటేస్తోంది. అంటే ఆవిడకి వెలుతురు తగ్గుతుంది. మా కౌన్సిల్ పాటించే పద్ధతి అది. అమ్మ గురించి మేం రెండు పేజీలు రాస్తే దాని మీద రెండే వాక్యాలు. కుటుంబ పరిస్థితి గమనించాం, అయితే మనుషులు మారినా కట్టడం ఉండిపోతుంది అని. చదివినప్పుడు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే కాదనలేకపోయాను.

తిరస్కరిస్తే దారులు రెండు. 12 వారాల్లోపు ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. లేదా ప్లాను మార్చి మళ్ళీ పెట్టొచ్చు. ఇదివరకు రెండోసారి ఉచితంగా పెట్టే అవకాశం ఉండేది, 2023 డిసెంబరులో తీసేశారు. మేం రెండో దారే పట్టాం. అంటే ఇంకో 528. అయితే ఈసారి ముందు మురుకుల డబ్బా పట్టుకుని పక్కింటికెళ్ళాను. ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబెట్టింది. చిన్న బల్ల, దాని మీద సగం నింపిన గళ్ళ నుడికట్టు, కళ్ళజోడు. ఆ ఇంట్లో పొద్దుటి వెలుతురు పడేది అక్కడే. ఆరేళ్ళుగా గోడ అవతలే ఉంటున్నాను, ఆ గది చూడటం అదే మొదటిసారి.

ఆవిడ వైపు 3 మీటర్లకి తగ్గించి, అవతలి వైపు మాత్రమే నాలుగున్నర ఉంచాం. కప్పు కొంచెం దించాం. మధ్యలో ఒక మూల తెగిందని ఫోన్లో మామగారు బాధపడ్డారు, వాస్తుకి విరుద్ధమట. కౌన్సిల్ లెక్కలో వాస్తు రాదు మామయ్యగారూ, 45 డిగ్రీలే వస్తుందని చెప్పాను. నవ్వారో లేదో తెలియదు. రెండో దరఖాస్తు మీద ఎవరూ ఏమీ రాయలేదు. అనుమతి వచ్చింది.

ఇప్పుడు మీరు పక్కింటివాళ్ళయిన సందర్భం చూద్దాం. వెలుతురు, మన గదుల్లోకి చూపు పడటం, ట్రాఫిక్, పార్కింగ్, చప్పుడు, వీధి తీరుకి పొసగని కట్టడం, ఇలాంటివి రాస్తే పట్టించుకుంటారు. మా ఇంటి ధర పడిపోతుంది, కిటికీలోంచి కనిపించే పచ్చదనం పోతుంది, సరిహద్దు తగాదా ఉంది, పనివాళ్ళతో నెలల తరబడి దుమ్ము అంటే మాత్రం పక్కన పెట్టేస్తారు. పార్టీ వాల్ వ్యవహారానికి 1996 నాటి వేరే చట్టం ఉంది, దాన్ని ఇందులో కలపకండి. యాభైమంది ఒకే మెసేజ్ కాపీ చేసి పంపితే యాభై కారణాలవవు, ఒక్కటే అవుతుంది. ఫలానా కిటికీ, ఫలానా గంటకి వెలుతురు అని మీరు సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు నయం. ఇంకో సంగతి, మీరు రాసింది మీ పేరుతో సహా అందరికీ కనిపించవచ్చు.

ఎక్కువ భాగం దరఖాస్తుల్ని అధికారులే తేల్చేస్తారు, కౌన్సిలర్ల కమిటీ దాకా వెళ్ళేవి కొన్నే. మీ వార్డు కౌన్సిలర్ అడిగితే కమిటీకి వెళ్ళే వీలు చాలా కౌన్సిళ్ళలో ఉంది, అక్కడ మాట్లాడనిస్తారు కూడా. సాధారణంగా మూడు నిమిషాలే. అనుమతి ఇచ్చేశాక మాత్రం పొరుగువాళ్ళకి అప్పీలు హక్కు లేదు. దరఖాస్తుదారుకే ఉంది. అందుకే ఆ 21 రోజులు.

మొన్నామధ్య మన గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరిగింది. మూలనున్న ఇంటిని ఎనిమిదిమంది అద్దెకుండే షేరింగ్ హౌస్‌గా మారుస్తున్నారు, అందరూ అభ్యంతరం పెట్టండి అని. ఆరుగురు దాటితే దరఖాస్తు తప్పనిసరి, నిజమే. పార్కింగ్ గురించీ చెత్తబుట్టల గురించీ రాయండి, తప్పు లేదు. ఎలాంటివాళ్ళొస్తారో అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. వచ్చేది మన పిల్లలే కదా? మాస్టర్స్‌కి దిగిన మన గుంటూరు, వరంగల్ పిల్లలు మొదటి ఏడాది ఉండేది అలాంటి ఇళ్ళలోనే. మావారు కూడా ఏడుగురితో ఒక బాత్రూము పంచుకున్నవారే.

ముందు కట్టేసి తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం అనుకునేవాళ్ళూ మనలో ఉన్నారు. కట్టాక దరఖాస్తు పెట్టొచ్చు, కానీ ఇస్తారన్న భరోసా లేదు. 2024 ఏప్రిల్ 25 నుంచి ఇంగ్లండులో కౌన్సిల్ చర్య తీసుకునే గడువు నాలుగేళ్ళ నుంచి పదేళ్ళకి పెరిగింది. ఇల్లమ్మేటప్పుడు కొనేవాళ్ళ సొలిసిటర్ కాగితాలు అడుగుతారు. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులో రూల్స్ వేరు, అక్కడున్నవాళ్ళు మీ కౌన్సిల్ సైటు చూసుకోండి. ఇంట్లో వికలాంగులెవరైనా ఉండి వాళ్ళ కోసమే కడుతుంటే ఫీజు మినహాయింపు ఉంటుంది, అదీ అడగండి.

మా అనుమతి కాగితం మీద మూడు షరతులున్నాయి. మూడేళ్ళలో పని మొదలుపెట్టాలి, ఇటుక పాత ఇంటికి కలవాలి, బాత్రూము పక్క కిటికీకి మసక అద్దం పెట్టాలి. వీడియో కాల్లో చదివి వినిపిస్తే అమ్మ అంతా విని, "ఆ కిటికీ తెరుచుకుంటుందా?" అని అడిగింది. పైభాగం తెరుచుకుంటుందన్నాను. ఈ వేసవికి టికెట్ తీయమంది.