రన్‌వే మనది... విమానం కంపెనీది!

రాజమండ్రి: కోరుకొండ రోడ్డు పట్టుకుని ఊరి నుంచి 18 కిలోమీటర్లు పోతే పొలాల నడుమ మధురపూడి విమానాశ్రయం తగులుతుంది. బ్రిటిష్ వారి హయాంలో వేసిన విమాన మైదానమిది. గోదావరి ఒడ్డున సత్రంలో దిగిన యాత్రికుల్లా విమాన కంపెనీలు ఇక్కడికి వచ్చాయి, మూటాముల్లె సర్దుకున్నాయి. మైదానం మాత్రం ఉన్నచోటే ఉంది.

చిన్న ఊళ్లకు విమానం నడపాలని కేంద్ర ప్రభుత్వం 1981లో వాయుదూత్ సంస్థను నెలకొల్పింది. 1980 దశకంలో దాని విమానాలు మధురపూడిలో దిగాయి. నష్టాలు భరించలేక 1990 దశకంలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తర్వాతి కాలంలో ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. వాటిలో జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. హైదరాబాదు కేంద్రంగా 2015లో రెక్కలు విప్పిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. వాటిని నమ్ముకుని ప్రయాణాలు పెట్టుకున్నవారు మళ్లీ గౌతమి ఎక్స్‌ప్రెస్ బెర్తు కోసం వెతుక్కున్నారు.

దశాబ్దాల పాటు మధురపూడికి ఒక సాకు ఉండేది, రన్‌వే పొట్టిదని. నిజమే. 1,749 మీటర్ల రన్‌వే మీద డెబ్బై చిల్లర సీట్ల ప్రొపెల్లర్ విమానం హాయిగా లేస్తుంది గాని, 180 సీట్ల ఎయిర్‌బస్‌కు నిండు బరువుతో రెండు వేల మీటర్లకు పైబడి పరుగు కావాలి. మే నెల ఎండలో గాలి పలచబడితే ఆ పరుగు ఇంకా పెరుగుతుంది. రాజమండ్రి ఎండ సంగతి మన పాఠకులకు వేరే చెప్పాలా?

అందుకని చుట్టుపక్కల రైతుల భూములు సేకరించి రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు. 2019 నాటికి పని పూర్తయింది. పొలాలు పోగొట్టుకున్న వారు ఇక పెద్ద విమానాలు వచ్చేస్తాయనుకున్నారు. తీరా చూస్తే ముంబయికి, ఢిల్లీకి నేరుగా విమానం 2024 డిసెంబరులో గాని రాలేదు. మధ్యలో కరోనా వచ్చిన మాట వాస్తవమే. అయినా అయిదేళ్లు అంటే తక్కువ కాలం కాదు.

అసలు అవసరం ఎవరిది?

ఓఎన్‌జీసీ ఉద్యోగులు, వ్యాపారులు, హైదరాబాదు ఆసుపత్రులకు వెళ్లేవారు ఎలాగూ ఉన్నారు. వీరిని మించి ఈ విమానంతో పని పడేది కోనసీమ వారికి. కువైట్, మస్కట్‌లలో ఇళ్లలో పనికి కుదిరిన ఆడవారు ఆ ప్రాంతంలో ఎందరో. మధురపూడి నుంచి గల్ఫ్‌కు నేరుగా పోయే దారి లేదు. హైదరాబాదో, ముంబయో చేరి అక్కడ విమానం మారాలి.

చిక్కంతా అక్కడే. ఏజెంటు చవకగా వస్తుందని రెండు ముక్కలుగా టికెట్లు తీస్తాడు. మొదటి విమానం మంచు వల్లనో, మరమ్మతు వల్లనో ఆలస్యమైతే రెండో కంపెనీ ఆగదు. టికెట్ వేరు గనుక బాధ్యత తనది కాదంటుంది. ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి విమానంలో చోటు చూపించవలసిన పూచీ కంపెనీ మీద పడుతుంది. సామాను సంగతీ అంతే. గల్ఫ్ విమానంలో సాధారణంగా 30 కిలోల వరకు అనుమతి ఉంటే, దేశీయ విమానంలో మామూలు టికెట్‌కు 15 కిలోలే. రెండేళ్ల తర్వాత పిల్లలకు బట్టలు, బొమ్మలు కట్టుకుని వచ్చే తల్లి హైదరాబాదు కౌంటరు దగ్గర పెట్టె విప్పి ఏది వదలాలో తేల్చుకోవాలి, లేదా మిగతా కిలోలకు రొక్కం చెల్లించాలి. టికెట్ కొనేటప్పుడే ఏజెంటును ఈ రెండు ప్రశ్నలూ అడగడం మంచిది.

నేరుగా గల్ఫ్ విమానం వేస్తే సరిపోదా అంటారు కొందరు. గన్నవరం ముచ్చట చూడండి. 2018 డిసెంబరు 4న అక్కడి నుంచి సింగపూర్‌కు ఇండిగో విమానం బయలుదేరింది. సీట్లు నిండకపోతే ఆ లోటు రాష్ట్ర ప్రభుత్వం భర్తీ చేస్తుందని ఒప్పందం. 2019లో ఆ అండ తొలగింది, విమానమూ ఆగింది. కాగా సింగపూర్ దారికీ కువైట్ దారికీ తేడా ఉంది. కువైట్ వెళ్లేవారు సరదాకు వెళ్లేవారు కారు. పని మీద వెళతారు, సెలవు దొరికితే వస్తారు, మళ్లీ వెళతారు. ఏ ఊరి నుంచి ఎందరు వెళుతున్నారో పాస్‌పోర్టు, వలస శాఖల వద్ద లెక్కలుంటాయి. ఆ లెక్కలు పట్టుకుని కంపెనీల తలుపు తట్టవలసింది ప్రజాప్రతినిధులే.

ఇదిలా ఉండగా రూ.347 కోట్ల అంచనాతో కొత్త టెర్మినల్‌కు 2023 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 2027 గోదావరి పుష్కరాల పేరు చెప్పి పనులు తొందరపెడుతున్నారు. పుష్కరాలు పన్నెండు రోజులు. మస్కట్ నుంచి వచ్చి, మధురపూడి గేటు బయట రాజోలుకు కారు బేరమాడే వారు ఏడాది పొడుగునా కనిపిస్తారు.