ఆకాశములో కాపలా

కార్తిక మాసము వచ్చినదనగా, కోనసీమలో రేడియో ఉన్న యింట ప్రాంతీయ వార్తలు ముగియగనే ఎవరును లేచిపోరు. వాతావరణ సూచన విననిదే రాజోలు రైతు కోతకు మనుషులను పిలువడు. అంతర్వేది జాలరి వల సర్దడు. “బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినది” అను వాక్యమును చదువుటకు మాకు పట్టునది కొన్ని క్షణములే. ఆ వాక్యము వెనుక ఎంత శ్రమ యున్నదో, అందు ఇంకను ఏమి కొరవడుచున్నదో నేడు ముచ్చటింపదలచితిమి.

కోనసీమకు ఒక ప్రక్క మచిలీపట్నము, మరొక ప్రక్క విశాఖపట్నము. ఈ రెండు చోట్లను వాతావరణ శాఖవారు రబ్బరు బెలూనులను తేలిక వాయువుతో నింపి ఆకాశమునకు విడుచుదురు. బెలూనుకు వ్రేలాడు చిన్న పెట్టె పేరు రేడియోసోండ్. అది పైకి పోవుచు గాలి యొక్క వేడిమిని, తేమను, ఒత్తిడిని కొలిచి, ఎప్పటికప్పుడు రేడియో ద్వారా క్రిందికి తెలుపును. బెలూను కొట్టుకొనిపోవు తీరునుబట్టి పైగాలుల వేగమును, దిక్కును లెక్కకట్టుదురు. ఎత్తునకు పోవుకొలది వెలుపలి ఒత్తిడి తగ్గి, బెలూను ఉబ్బును. ఇంచుమించు 30 కిలోమీటర్ల ఎత్తున పగిలిపోవును. దాని ఆయుష్షు సుమారు రెండు గంటలు.

ఈ బెలూను చెప్పునది తీరముపైని గాలి సంగతి. తుపాను పుట్టునది నడిసముద్రములో. అచ్చట నిలబడి బెలూను విడుచువారు లేరు. ఉపగ్రహములు మేఘములను చూచును, పైగాలుల వేడిమిని దూరమునుండి అంచనా కట్టును. అయినను, గాలి నడుమనే ఉండి కొలిచిన కొలతకు గల విలువ వేరు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానును కోనసీమ మరువలేదు. బలుసుతిప్ప, భైరవపాలెము వంటి మత్స్యకార గ్రామములు తల్లడిల్లినవి. వేయికి పైగా ప్రాణములు పోయినవి. కొబ్బరితోటలు నేలకొరిగినవి, క్రొత్త మొక్క నాటి, కాయ కోయువరకు ఎన్నియేండ్లు ఎదురుచూడవలెనో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. తుపాను ఎటు పోవునో చెప్పుట ఆనాటికంటె నేడు చాల మెరుగుపడినది. తీరము చేరులోగా ఎంత బలపడునో చెప్పుట మాత్రము నేటికిని కష్టమే. కనుకనే వారముల తరబడి, నెలల తరబడి ఆకాశమున నిలిచి సముద్రముపైని గాలిని కనిపెట్టియుండు బెలూను ఏల ఉండరాదని శాస్త్రజ్ఞులు యోచించిరి.

యోచన సులభము. అడ్డు వచ్చునది రాత్రి!

పెద్ద బెలూనుల విద్యలో మన తెలుగునాట హైదరాబాదునకు మంచి పేరున్నది. అచ్చటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వారి బెలూను కేంద్రమున పలుచని పాలిథీన్ పొరతో బెలూనులను తామే తయారుచేసి ఎగురవేయుచున్నారు. వీనికి అడుగున ద్వారముండును. పగటి ఎండకు లోపలి వాయువు వేడెక్కి పెరుగును. ఎక్కువైనది ఆ ద్వారము గుండా వెలికి పోవును. రాత్రి వాయువు చల్లబడి కుదించుకొనును; బెలూను దిగజారును. నిలువవలెనన్నచో వెంట తెచ్చుకొన్న బరువును కొంత జారవిడువవలెను. ప్రతి పగలు వాయువు నష్టము, ప్రతి రాత్రి బరువు నష్టము. కొలది దినములకే రెండును హరించుకొనిపోవును. అంటార్కిటికాలో వేసవియందు సూర్యుడు అస్తమింపడు. కావుననే 2012-13లో అచ్చట అట్టి బెలూను ఒకటి 55 దినములు తేలినది. ఏడాది పొడవునను పగలును రాత్రియు ఇంచుమించు సమానముగ నుండు మన సీమకు ఆ సదుపాయము లేదు.

మనకు మరియొక చిక్కు. ఉష్ణమండలముపై 16, 17 కిలోమీటర్ల ఎత్తున చలి సున్నకు దిగువ 80 డిగ్రీలను కూడ దాటును. ఆ చలికి సాధారణమైన ప్లాస్టిక్ పెళుసుబారి పగులును. హైదరాబాదువారు ఈ చలికి ఓర్చు పొరను ప్రత్యేకముగ సాధింపవలసివచ్చెను. 2014 జనవరి 7న వారి బెలూను ఒకటి 51.83 కిలోమీటర్ల ఎత్తునకు చేరినది. దాని పొర మందము 2.7 మైక్రానులు మాత్రమే. తలవెంట్రుకకంటె ఎన్నో రెట్లు పలుచన. ఎత్తునకు పోవుటకు పలుచనిపొర కావలెను. నిలుచుటకు గట్టిపొర కావలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే అసలు సమస్య.

దీనికి కనుగొన్న ఉపాయము మూతవేసిన బెలూను. దానికి ద్వారముండదు. పగలు వాయువు వేడెక్కి పొరను ఎంత నెట్టినను బెలూను సాగదు. రాత్రి చల్లబడినను లోపలి ఒత్తిడి వెలుపలిదానికంటె ఎక్కువగనే యుండును గనుక ముడుచుకొనదు. పరిమాణము మారనందున ఎత్తును ఇంచుమించు మారదు. అయితే ఆ ఒత్తిడికి పొర చిరుగరాదు. అందులకై నిలువునా గట్టి పట్టీలు బిగింపగా, బెలూను గుమ్మడికాయవలె గాడులుదేరి, భారమంతయు పట్టీలమీద పడును. 2016లో అమెరికా వారి అట్టి బెలూను న్యూజిలాండు నుండి ఎగిరి 46 దినములు తేలినది. అంతర్జాలమును అందించుటకై ఒక సంస్థ ఎగురవేసిన చిన్న బెలూను 312 దినములు ఆకాశమున నిలిచినది. గోదావరిపాయలో పడవవాడు పోటుపాటులను చూచుకొనునట్లు, అది ఎత్తు మార్చుకొనుచు తనకు కావలసిన గాలిని ఎంచుకొనెడిది.

ఇట్టి బెలూనులు తుపానులకు పనికివచ్చునా? 2006లో ఆఫ్రికాలోని నైజర్ దేశమున జిందేరు పట్టణము నుండి శాస్త్రజ్ఞులు మూత బెలూనులను విడిచిరి. అవి గాలివాటున అట్లాంటిక్ సముద్రముపైకి సాగి, ఆజ్ఞ అందినప్పుడెల్ల చిన్న పారాచూట్లతో కొలతపెట్టెలను జారవిడిచినవి. తుపానులు పుట్టు సముద్రముపై, మనిషి లేని చోట, పైనుండి క్రిందివరకు గాలిని కొలుచుట సాధ్యమని తేలినది.

గాలి శుభ్రతను కనిపెట్టుటకును ఈ విద్య అవసరమే. 2005లో హైదరాబాదు నుండి ఎగిరిన ఇస్రో వారి పరికరము 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులలోని గాలిని ఉక్కు గొట్టములలో పట్టి తెచ్చినది. అందు మూడు క్రొత్త జాతుల సూక్ష్మజీవులు కనిపించినవి. 2014 మొదలుకొని గాదంకి, హైదరాబాదు, వారణాసుల నుండి విడిచిన బెలూనులు, వర్షకాలమున ఆసియాపై ఎత్తున పేరుకొను ధూళికణముల పొరను పరిశీలించినవి. ఆ యెగురుటలు కొలది గంటలవి. పొరతోపాటు నెలల తరబడి సాగు బెలూను దొరికినచో, నేలమీది పొగ ఎచ్చటికి చేరుచున్నదో వెంటనంటి చూడవచ్చును.

ఎగిరినది ఎప్పుడో దిగవలసినదే. 2022 డిసెంబరు 7న వికారాబాదు జిల్లా మొగిలిగుండ్ల పొలములలో ఒక పెద్ద గోళము వంటి వస్తువు దిగగా జనులు విస్తుపోయిరి. హైదరాబాదు బెలూను మోసికొనిపోయిన ప్రయోగ పరికరమది. అట్టి పెట్టె తమ చేలోనో తోటలోనో పడినచో శ్రోతలు భయపడనక్కరలేదు. దానిని విప్పక, అధికారులకు తెలిపిన చాలును. లోపలి కొలతలు చెడకుండుటయే అందరికిని మేలు.

మన సముద్రముపై, మన రాత్రులను ఓర్చుకొని నెలల తరబడి నిలుచు బెలూనులు కాపలా కాయునాడు, మేము చదువు ఆ చిన్న వాక్యమునకు బలము పెరుగును. తుపాను వచ్చుచున్నదనుటతో ఆగక, ఎంత బలముతో వచ్చుచున్నదో ముందుగ చెప్పగలుగుదుము. అంతవరకు, సూచన వినునప్పుడెల్ల, తెల్లవారుజామున మచిలీపట్నములో ఎవరో విడిచిన రెండు గంటల ఆయుష్షుగల బెలూను దాని వెనుక నున్నదని శ్రోతలు తలచుకొందురు గాక.