పుట్ అమ్మకం: ముందు ప్రీమియం, తర్వాత బాధ్యత

ఒక షేరును గాని, షేర్ల సూచీని గాని ముందే ఒప్పుకున్న ధరకు, ముందే నిర్ణయించిన గడువులో అమ్ముకోగల హక్కును పుట్ ఆప్షన్ అంటారు. ఆ ధరకు స్ట్రైక్ ధర అనీ, గడువు ముగిసే రోజుకు ఎక్స్‌పైరీ అనీ, హక్కు కోసం కొనుగోలుదారు చెల్లించే సొమ్ముకు ప్రీమియం అనీ పేర్లు. కొన్నవారికి ఉన్నది హక్కు మాత్రమే కాబట్టి, మార్కెట్ పడకపోతే ప్రీమియం వదులుకుని ఊరుకోవచ్చు. అమ్మినవారికి ఆ వెసులుబాటు లేదు, ధర స్ట్రైక్ కంటే ఎంత దిగువకు జారితే అంత తేడానూ వారే భరించాలి. ఒక విధంగా పుట్ అమ్మిన వ్యక్తి బీమా కంపెనీ స్థానంలో కూర్చుంటాడు, కాకపోతే బీమా కంపెనీకి ఉండే నిధులు, వేలాది పాలసీల మధ్య నష్టం పంచుకునే వీలు అతనికి ఉండవు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో దాని ప్రధాన సూచీ నిఫ్టీ మీద ఆప్షన్లు 2001 జూన్‌లో ప్రారంభమయ్యాయి. ఇవి యూరోపియన్ పద్ధతివి, అంటే హక్కును ఎక్స్‌పైరీ రోజునే వినియోగించుకోవాలి, అయితే ఒప్పందాన్ని మాత్రం మార్కెట్‌లో ఎప్పుడైనా కొనవచ్చు, అమ్మవచ్చు.

నిఫ్టీ 24,000 వద్ద ఉన్నప్పుడు 23,500 స్ట్రైక్ గల పుట్‌ను 80 రూపాయల ప్రీమియానికి ఒకరు అమ్మారనీ, కనీస వ్యాపార పరిమాణమైన ఒక లాట్‌లో 65 యూనిట్లు ఉన్నాయనీ అనుకుంటే, చేతికి వచ్చేది 5,200 రూపాయలు. ఎక్స్‌పైరీ నాటికి సూచీ 23,500 పైన నిలిస్తే ఆ మొత్తం మిగులుతుంది; 23,420 వద్ద లాభనష్టాలు సమానమవుతాయి. సూచీ ఆరు శాతం పడి 22,560 వద్ద ముగిస్తే, 940 రూపాయల తేడాలోంచి ప్రీమియం పోగా యూనిట్‌కు 860 చొప్పున 55,900 రూపాయలు నష్టం, అంటే వచ్చిన ప్రీమియానికి పదిన్నర రెట్లకు పైగా. ఎక్కువ నెలల్లో ఈ అమ్మకం లాభంతోనే ముగుస్తుంది కాబట్టి వరుస విజయాలు చూసినవారు లాట్ల సంఖ్య పెంచుకుంటూ పోతారు. చివరికి పెద్ద పతనం వచ్చిన రోజున వారి దగ్గర ఉండేది వారు ఎన్నడూ మోయనంత పెద్ద పొజిషన్.

ఈ వ్యాపారంలో అసలు చిక్కు ఎక్స్‌పైరీ రోజున కాక, దానికి చేరే దారిలో ఉంటుందని 2024 జూన్ మొదటి వారం చక్కగా చూపింది. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ తర్వాత జూన్ 3న నిఫ్టీ మూడు శాతానికి పైగా ఎగసి 23,263.90 వద్ద ముగిసింది. ఓట్ల లెక్కింపు జరిగిన జూన్ 4న ఒక దశలో 21,300 దిగువకు పడిపోయి, దాదాపు ఆరు శాతం నష్టంతో 21,884.50 వద్ద నిలిచింది. వారపు ఆప్షన్ల ఎక్స్‌పైరీ అయిన జూన్ 6 నాటికి 22,800 పైకి తేరుకుంది. జూన్ 3 సాయంత్రం 22,500 పుట్ అమ్మి ఉన్న వ్యక్తిని ఊహిస్తే, మర్నాటి ముగింపులో సూచీ అతని స్ట్రైక్ కంటే 615 పాయింట్లకు పైగా దిగువన ఉంది. రెండు రోజుల తర్వాత అదే పుట్ విలువలేనిదై ముగిసింది. అంచనా తప్పలేదు, అయినా మధ్యలో మార్జిన్ చాలక బలవంతంగా బయటికి నెట్టబడినవారికి ఆ సరైన అంచనా ఏమీ మిగల్చలేదు.

మార్జిన్ అంటే నష్టం వస్తే కట్టగలడని చూపేందుకు అమ్మకందారు ముందుగా ఉంచే హామీ సొమ్ము. నిఫ్టీ లాట్‌కు ఇది సాధారణంగా లక్ష రూపాయలు దాటుతుంది, పైగా స్థిరంగా ఉండదు. మార్కెట్ పడుతున్నప్పుడు భయం పెరిగి రానున్న ఒడుదొడుకుల అంచనా ఎగబాకుతుంది, దాంతో పుట్ ధరా మార్జిన్ అవసరమూ ఒకేసారి పెరుగుతాయి. మన దేశంలో చాలామంది తమ షేర్లను తాకట్టు పెట్టి ఈ మార్జిన్ సమకూర్చుకుంటారు. పుట్ నష్టపరిచే రోజునే ఆ షేర్ల విలువా తగ్గుతుందన్న సంగతి లెక్కలో చేరదు. పుట్‌లు అమ్మినవారిలో వారెన్ బఫెట్ పేరును తరచుగా ఉదాహరిస్తారు. ఆయన బెర్క్‌షైర్ సంస్థ దీర్ఘకాలిక సూచీ పుట్‌లు అమ్మి 490 కోట్ల డాలర్ల ప్రీమియం తీసుకున్న మాట నిజమే, కానీ ఆ ఒప్పందాల గడువులు 2019 నుంచి 2028 వరకు ఉన్నాయి, ఎక్స్‌పైరీకి ముందు చెల్లింపు లేదు, 2008 సంక్షోభంలో సైతం వాటికి చూపవలసి వచ్చిన హామీ నామమాత్రమే. సాయంత్రంలోగా మార్జిన్ కట్టవలసిన చిన్న మదుపరికి ఆ ఉదాహరణ వర్తించదు.

కాబట్టి నిర్వహణ అన్న పని చాలావరకు అమ్మకానికి ముందే పూర్తవుతుంది. ఖాతాలోని సొమ్ముతో గరిష్ఠంగా ఎన్ని లాట్లు అమ్మవచ్చో బ్రోకర్ యాప్ చూపిస్తుంది, కానీ ఆ సంఖ్య ఎంత నష్టాన్ని తట్టుకోగలరో చెప్పదు. ఆరు శాతం పతనంలో వచ్చే నష్టాన్ని ముందుగా రూపాయల్లో రాసుకుని, దాన్నిబట్టి లాట్లు నిర్ణయించుకోవడం మేలు. రెండో ఉపాయం స్ప్రెడ్. పై ఉదాహరణలో 23,500 పుట్ అమ్మి, 45 రూపాయలకు 23,200 పుట్ కొంటే, లాభం 2,275 రూపాయలకు తగ్గుతుంది, గరిష్ఠ నష్టం 17,225 రూపాయల దగ్గర ఆగిపోతుంది, మార్జిన్ కూడా తగ్గుతుంది. ధర ఒక స్థాయికి చేరగానే ఒప్పందాన్ని మూసేసే స్టాప్‌లాస్ ఆర్డరుపై మాత్రమే ఆధారపడినవారికి ఇంత భరోసా ఉండదు: 2020 మార్చి 23న నిఫ్టీ తెరుచుకోవడమే భారీ పతనంతో తెరుచుకుని, పది శాతం దాటగానే ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది, ఆ రోజు ముగిసేసరికి దాదాపు 13 శాతం కోల్పోయింది. నష్టంలో ఉన్న పుట్‌ను కొని మూసేసి, తర్వాతి గడువుకు ఇంకా దిగువ స్ట్రైక్‌లో మరొకటి అమ్మడాన్ని రోల్ చేయడం అంటారు. ఇందులో మొదటి నష్టం ఖాయమైపోయిందని, రెండోది కొత్త పందెమని గుర్తుంచుకోకపోతే, దాన్ని మరమ్మతుగా భ్రమించి లాట్లు రెట్టింపు చేసే ప్రమాదం ఉంది.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మూడేళ్లలో మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ వెంటనే అక్టోబరు 1న జారీ చేసిన ఆదేశాల్లో సెబీ ఒప్పందం కనీస విలువను 15 లక్షలకు పెంచింది, ఒక్కో ఎక్స్ఛేంజికి ఒక్క సూచీలోనే వారపు ఎక్స్‌పైరీని అనుమతించింది, ఎక్స్‌పైరీ రోజున ఆప్షన్ అమ్మినవారి నుంచి అదనంగా రెండు శాతం మార్జిన్ వసూలు చేయాలంది. ఈ చివరి నియమం పుట్ అమ్మకందారుకు నేరుగా తగులుతుంది, ఎందుకంటే ముందురోజు సరిపోయిన సొమ్మే మర్నాడు ఉదయం చాలకపోవచ్చు.

వ్యక్తిగత షేర్ల మీద అమ్మే పుట్‌ల సంగతి వేరు. సూచీ ఆప్షన్లలో తేడా సొమ్ము మాత్రమే చేతులు మారుతుంది. షేర్ల ఆప్షన్లలో 2019 అక్టోబరు నుంచి షేర్లను వాస్తవంగా ఇచ్చిపుచ్చుకోవాలి. స్ట్రైక్ కంటే ధర తక్కువగా ముగిస్తే, పుట్ అమ్మిన వ్యక్తి ఆ లాట్‌లోని షేర్లన్నింటినీ స్ట్రైక్ ధరకు కొని తన డీమ్యాట్‌లో చేర్చుకోవాలి, అందుకు లక్షల రూపాయలు సిద్ధంగా ఉండాలి. ఆ కంపెనీ షేరును ఆ ధరకు కొనాలని ముందునుంచే ఉద్దేశించి సొమ్ము పక్కన పెట్టుకున్నవారికి ఇది నష్టమేమీ కాదు, ప్రీమియం మేరకు కాస్త తక్కువ ధరకు షేరు దొరికినట్టే. తక్కిన వారు ఎక్స్‌పైరీ వారంలో మార్జిన్ పెరగక ముందే ఒప్పందాన్ని తిరిగి కొని మూసేస్తారు.