మెడ వెనక నల్లగీత

మదనపల్లె దగ్గర మా తమ్ముడి టమాటా తోటలో ఒక ఆకు తుంచి ఎండకెదురుగా పట్టుకున్నాను. పైపొరకూ కిందిపొరకూ నడుమ పచ్చదనమంతా తినేసి, ఆకు పల్చటి తిత్తిలా మిగిలింది. లోపల వడ్లగింజ కంటే చిన్న పురుగు, దాని వెనక నల్లటి రెట్ట.

"పాముపొడేనా అక్కా?" అన్నాడు.

కాదు. పాముపొడ ఈగపిల్ల పని, సన్నగా మెలికలు తిరిగిన గీత. ఇది రెక్కలపురుగు పిల్ల, మచ్చలా వెడల్పుగా తింటుంది.

అయితే ఏ రెక్కలపురుగు? ఉర్లగడ్డను తొలిచేదీ, టమాటాను తొలిచే టూటా పురుగూ దగ్గరి చుట్టాలు. రెండింటి పుట్టిల్లూ దక్షిణ అమెరికా. మొదటిది 1906లో ఇటలీ విత్తనపు గడ్డలతో బొంబాయి చేరింది. రెండోది 2006లో స్పెయిన్‌లో బయటపడి, 2014లో మహారాష్ట్రలో కనబడి, ఆనక మన తోటల్లో దిగింది. పెరూలో దొరికిన ఈ టూటా పురుగుకు 1917లో కీటక శాస్త్రవేత్త మేరిక్ 'ఫ్థోరిమేయా అబ్సొల్యూటా' అని పేరు పెట్టాడు. తర్వాతివాళ్ళు వేరు చేసి టూటా అన్నారు. 2021లో మళ్ళీ ఉర్లగడ్డ పురుగున్న ప్రజాతిలోకే చేర్చారు.

ఏ మొక్క మీద దొరికిందో చూసి తేల్చలేం. టూటా ఉర్లగడ్డ ఆకులూ తింటుంది. రెక్కలొచ్చాక రెండూ బూడిద, గోధుమ రంగుల మచ్చలతో ఒకేలా ఉంటాయి. పిల్లపురుగును భూతద్దం కింద పెట్టి తల వెనక చూడాలి. ఉర్లగడ్డ పురుగుకు అక్కడున్న పలకంతా ముదురు గోధుమరంగు. టూటాకు ఆ పలక లేతగానే ఉండి, వెనక అంచున మాత్రం కాటుకతో దిద్దినట్టు సన్నటి నల్లగీత. మా ఆకులోని పురుగుకు ఆ గీత ఉంది.

ఆ గీత నాకెందుకు అంత ముఖ్యమంటే, పోయిన పంటకు దుకాణంలో ఉర్లగడ్డ పురుగు ఎర ఇచ్చి పంపారు. ఎరలో ఉండేది మగపురుగులను రప్పించే వాసన, అది ఏ జాతిది ఆ జాతికే. ఉర్లగడ్డ పురుగు వాసన అణువు 13 కర్బన పరమాణువుల గొలుసు, టూటాది 14. ఆ తేడాతో ఎర పెట్టిన బుట్టలు ఖాళీగా ఉన్నాయి. పురుగు లేదనుకుని తమ్ముడు నిమ్మళంగా ఉన్నాడు. కోతనాటికి కాయల తొడిమల దగ్గర సూదిమొనంత రంధ్రాలు. మండీలో బాక్సులకు బాక్సులు పక్కన పెట్టేశారు. వాడి ముఖం ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

ఈసారి పురుగు పట్టిన ఆకులన్నీ ఏరి లోతుగా పూడ్చాం. టూటా ఎర తెప్పించి నీళ్ళ పళ్ళెం మీద వేలాడదీశాం. తెల్లారి వెళ్తే నీళ్ళ మీద బూడిదరంగు రెక్కలు తేలుతున్నాయి. వాడు గట్టు మీద గొంతుక్కూర్చుని, పుల్లతో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు.