శిలపై పేరు లేనివారు

రెండవ ప్రపంచయుద్ధమున బర్మాలోని జపాను సేనలకు సముద్రముపై సరుకులు పంపుట శత్రు జలాంతర్గాముల వలన ప్రమాదకరమయ్యెను. అందుచే సయాము నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గమును 1942–43లలో అడవులు నరికించి, కొండలు తొలిపించి వేయించిరి.

ఆ శ్రమలో తెలుగువారి చెమటయు కలదు. మలయా తోటలలోని తమిళ, తెలుగు కూలీలను కొందరిని ఆశచూపి, కొందరిని బలవంతముగ తరలించిరి. కలరా, మలేరియా, ఆకలి వారిని పొట్టన పెట్టుకొనెను. యుద్ధఖైదీలలో 12,000 మందికి పైగా మరణించిరి. ఆసియా కూలీలలో మృతులు సుమారు 90,000 అని అంచనా.

1944–45లలో మిత్రరాజ్యాల విమానములు వంతెనలపై బాంబులు కురిపించెను. జపాను ఫిరంగులు వాటికి కాపలా కాసెను. కూలినవాటిని మరల నిలిపినది ఖైదీలు, కూలీలే.

నేడు కాంచనబురిలో వేలాది ఖైదీల పేర్లు సమాధిశిలలపై కలవు. కూలీలు మాత్రము అంచనాలోని అంకెలుగనే మిగిలిరి. తరగతిలో ఆ యుద్ధపాఠము చెప్పునపుడు వారిని తలచుట మన విధి.